తెర మీద దాస్తే సరిపోతుందా?
లో-కోడ్ యాప్‌లలో ఎవరికి ఏది కనబడాలన్న ప్రశ్నపై ఒక సమీక్ష

ఎక్సెల్ షీటుతో పని నడిచే ఆఫీసులో ఎవరికి ఏది కనబడాలన్న ప్రశ్న పెద్దగా రాదు. ఫైలు చేతికందినవాళ్లకి అంతా కనబడుతుంది, అందనివాళ్లకి ఏమీ కనబడదు. ఆ షీటును లో-కోడ్ యాప్‌గా మార్చి నలుగురి ఫోన్లలోకి పంపిన రోజున అసలు తంటా మొదలవుతుంది.

హాస్టలున్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ అనుకుందాం. అడ్మిషన్లు, ఫీజులు, రాయితీలు, హాజరు, గదుల కేటాయింపు అన్నీ ఒకే యాప్‌లో ఉంటాయి. కంప్యూటరు మీద చేయి తిరిగిన అకౌంటెంటు ఎవరో కొద్ది రోజుల్లో దాన్ని తయారుచేసేస్తాడు. ప్రోగ్రామరు అక్కర్లేదన్నదే ఈ పనిముట్ల ఆకర్షణ. లెక్చరర్‌కి హాజరు కావాలి, ఫీజు బకాయితో పనిలేదు. వార్డెన్‌కి తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు కావాలి, ఆధార్ నంబరూ కులధ్రువీకరణ పత్రమూ అక్కర్లేదు. ఫీజు గుమాస్తా రసీదు రాయాలి గాని రాయితీ మంజూరు చేయకూడదు. తల్లిదండ్రులకి తమ పిల్ల వివరాలు తప్ప పక్క పిల్లవి కనబడకూడదు. ఇదంతా కాలేజీలో అందరికీ తెలిసిన సంగతే, కాకపోతే ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. యాప్ వచ్చాక రాయక తప్పదు.

లో-కోడ్ అన్న పేరు 2014లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ వాడాక ప్రచారంలోకి వచ్చింది. పనిముట్లు అంతకంటే పాతవి. పోర్చుగల్‌లో ఔట్‌సిస్టమ్స్ 2001లో, నెదర్లాండ్స్‌లో మెండిక్స్ 2005లో పుట్టాయి. చెన్నై జోహో సంస్థ క్రియేటర్‌ను 2006లో తెచ్చింది. మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చింది, ఆప్‌షీట్‌ను గూగుల్ 2020లో కొనుక్కుంది. వీటన్నిటిలోనూ రోల్స్ ఉన్నాయి, అనుమతుల పట్టికలున్నాయి. అయితే రోల్స్ నిర్ణయించుకున్నాకే ముందుకు వెళ్లమని మారాం చేసే పనిముట్లు తక్కువ. మనం తేల్చకుండా వదిలేసిన చోట యాప్‌తో వచ్చిన డిఫాల్టు సెట్టింగే తేల్చేస్తుంది. ఈ రంగంలో జరిగిన పెద్ద తప్పుల్ని వరసగా చూస్తే ఎక్కువ భాగం అక్కడే దొర్లాయి.

ముందు ఈ ఆలోచన ఎక్కడిదో చూద్దాం. మనుషులు అడ్డం, వస్తువులు నిలువు పెట్టి, ఎవరు దేన్ని ఏం చేయవచ్చో గళ్లలో నింపే పట్టికను 1971లో బట్లర్ లాంప్సన్ ప్రతిపాదించాడు. పట్టిక చూడటానికి సులువే గాని నింపడం మాత్రం నరకం. మన కాలేజీలో 60 మంది సిబ్బంది, 40 రకాల అనుమతులు ఉంటే 2,400 గళ్లు అవుతాయి. కొత్త లెక్చరర్ చేరినప్పుడల్లా మరో 40. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పనిచేసే డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ 1992లో మనిషికీ అనుమతికీ మధ్య రోల్‌ను నిలబెట్టారు. అనుమతులు రోల్‌కి ఇవ్వాలి, మనిషిని రోల్‌లో పెట్టాలి. ఆరు రోల్స్ అయితే 240 గళ్లు, 60 మంది కేటాయింపు, మొత్తం 300. మనిషి మారినా పట్టిక మారదు. ముంబయి ఐఐటీలో చదివి అమెరికాలో స్థిరపడ్డ రవి సంధు, మరికొందరు కలిసి 1996లో దీన్ని నాలుగు అంచెల నమూనాగా తీర్చిదిద్దారు. 2004లో అది అమెరికా జాతీయ ప్రమాణమైంది. ఇవాళ పవర్ యాప్స్‌లోనో జోహోలోనో మనం నొక్కే రోల్స్ పేజీ వెనక ఉన్న వంశవృక్షం ఇదే.

దానికంటే పాతదీ, నా దృష్టిలో దానికంటే ముఖ్యమైనదీ మరొకటుంది. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ రాసిన పత్రంలో రక్షణకు ఎనిమిది సూత్రాలు చెప్పారు. పనికి కావలసినంత మేరకే అనుమతి ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. అనుమతి ఇచ్చినట్టు స్పష్టంగా రాసి ఉంటే తప్ప తలుపు తెరుచుకోకూడదన్నది మరొకటి. రోల్స్ పేజీ ఎంత ముచ్చటగా ఉన్నా ఈ రెండోది లేకపోతే ఆ ముచ్చట ఎందుకూ కొరగాదు.

2021లో అదే జరిగింది. పవర్ యాప్స్‌తో బయటి జనానికి వెబ్‌సైట్లు కట్టుకునే పోర్టల్ సౌకర్యం ఉండేది. డేటాను జాబితాగా బయటికి అందించే ఓడేటా ఫీడ్‌ను తెరిచి, టేబుల్ అనుమతులు ఆన్ చేయడం మరిచిపోతే, ఆ టేబుల్‌లో ఉన్నదంతా లాగిన్ లేకుండా ఎవరైనా చదువుకునే వీలుండేది. డిఫాల్టుగా ఆ అనుమతులు ఆఫ్‌లో ఉండేవి. అప్‌గార్డ్ అనే భద్రతా సంస్థ వెతికితే 47 సంస్థల పోర్టళ్లలో కలిపి 3.8 కోట్ల రికార్డులు బహిరంగంగా పడి ఉన్నాయి. కోవిడ్ టీకా అపాయింట్‌మెంట్లు, వ్యాధి సోకినవాళ్ల జాడ తీసిన వివరాలు, ఉద్యోగ దరఖాస్తుదారుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు అందులో ఉన్నాయి. ఇండియానా రాష్ట్రం, అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఫోర్డ్ లాంటి పేర్లతోపాటు మైక్రోసాఫ్ట్ సొంత పోర్టళ్లూ జాబితాలో తేలాయి. ఫిర్యాదు వెళ్లినప్పుడు అది లోపం కాదు, డిజైన్ అలాగే ఉందని మైక్రోసాఫ్ట్ మొదట కేసు మూసేసింది. సాంకేతికంగా ఆ మాట నిజమే. తర్వాత డిఫాల్టునే మార్చి, అనుమతులు ఆన్‌లో ఉండేలా చేసింది. పనిముట్టు తయారుచేసిన కంపెనీయే తన సెట్టింగుల్లో పొరబడితే, కాలేజీ అకౌంటెంటు పొరబడడని ఏ ధీమాతో అనుకోవాలి?

పోర్టల్ జోలికి పోకుండా ఆఫీసు లోపలే వాడే యాప్ అయితే ప్రమాదం తగ్గుతుంది గాని పోదు. లోపల ఎక్కువగా జరిగే తప్పు వేరు. ఒక బటన్ గుమాస్తాకి కనబడకూడదంటే, పవర్ యాప్స్‌లో ఆ బటన్ విజిబుల్ లక్షణానికి చిన్న ఫార్ములా రాస్తారు: లాగిన్ అయిన మనిషి ప్రిన్సిపాల్ అయితేనే చూపించు. బటన్ మాయమవుతుంది, అందరూ సంతోషిస్తారు. డేటా మాత్రం ఎక్కడికీ పోలేదు. తలుపుకు తెర కట్టి తాళం వేశామనుకోవడమే ఇది. యాప్ వెనక ఉన్నది మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ జాబితా అయితే ఆ తెరను దాటడం ఇంకా తేలిక. యాప్ పనిచేయాలంటే ఆ జాబితా మీద గుమాస్తాకి చదివే, రాసే హక్కు ఇచ్చి తీరాలి. ఆ హక్కు ఉన్నవాడు యాప్‌ను పక్కన పెట్టి, బ్రౌజర్లో జాబితాను నేరుగా తెరిచి, రాయితీ గడిలో తనకు నచ్చిన అంకె వేసుకోవచ్చు. చిన్న సంస్థల్లో లైసెన్సు ఖర్చు తగ్గించుకోవడానికి షేర్‌పాయింట్ మీదే యాప్‌లు కట్టడం మామూలు. అందుకని ఈ లొసుగు కూడా మామూలే.

ఆప్‌షీట్ ఈ తేడాను తన సాయం పేజీల్లో మొహమాటం లేకుండా చెప్పింది. స్లైస్ అనేది టేబుల్‌లో కొంత భాగాన్ని చూపించే ఏర్పాటు, అది భద్రత కాదు. మిగతా వరసలు అప్పటికే ఫోన్‌లోకి దిగి ఉంటాయి. భద్రత కావాలంటే సెక్యూరిటీ ఫిల్టర్ రాయాలి. అది సర్వర్ దగ్గరే వడకట్టి, ఆ మనిషికి చెందిన వరసల్నే ఫోన్‌కి పంపుతుంది. తల్లిదండ్రుల ఈమెయిల్‌తో సరిపోలిన వరస తప్ప మరేదీ బయటికి రాకూడదంటే ఈ దారి ఒక్కటే. ఔట్‌సిస్టమ్స్‌లో తెరకు రోల్ పెడితే తెర వరకే కాపలా ఉంటుంది. ఆ తెర వెనక సర్వర్‌లో నడిచే చర్యల్లో రోల్ తనిఖీని విడిగా పెట్టుకోవాలి. మెండిక్స్‌లో సెక్యూరిటీకి మూడు స్థాయిలున్నాయి: ఆఫ్, ప్రోటోటైప్, ప్రొడక్షన్. ప్రోటోటైప్‌లో లాగిన్, పేజీలు, మైక్రోఫ్లోలనే సర్వర్ చర్యల దగ్గర తనిఖీ జరుగుతుంది గాని డేటా వరసల దగ్గర జరగదు. ప్రొడక్షన్‌కి మారితే మాత్రం ప్రతి ఎంటిటీకీ (టేబుల్‌కీ) ఎవరు ఏ వరస చదవాలో, ఏ గడి మార్చాలో రాసేదాకా ఊరుకోదు. తయారుచేసేవాళ్లకి ఇది చిరాకు. నాకు మాత్రం ఈ మూడు పనిముట్లలో మెండిక్స్ పద్ధతే నచ్చుతుంది. చిరాకు పెట్టే పనిముట్టే ఆలోచింపజేస్తుంది.

పనిముట్టు మారితే మాటలూ మారతాయి, అందుకే ఒక చోట నేర్చుకున్నది మరో చోట తప్పుదారి పట్టిస్తుంది. సేల్స్‌ఫోర్స్‌లో రోల్ అంటే ఆఫీసు నిచ్చెనలో మనిషి ఎక్కడ ఉన్నాడన్నది. పై మెట్టు మీదున్నవాడికి కింది మెట్టు వాళ్ల రికార్డులు కనబడతాయి. ఏ టేబుల్, ఏ గడి మీద ఏ పని చేయవచ్చో చెప్పేది ప్రొఫైల్, పర్మిషన్ సెట్. జోహో క్రియేటర్‌లోనూ దాదాపు ఇదే విభజన. పవర్ యాప్స్ వెనక ఉండే మైక్రోసాఫ్ట్ డేటాబేసు డేటావర్స్‌లో సెక్యూరిటీ రోల్ ఈ రెంటినీ మోస్తుంది. తయారుచేయడం, చదవడం, మార్చడం, చెరపడం, అప్పగించడం, పంచడం, రికార్డుల్ని ఒకదానికొకటి తగిలించే రెండు హక్కులు, వెరసి ఎనిమిది. ఒక్కొక్కదానికీ పరిధి వేరు: తన రికార్డుల వరకా, తన బిజినెస్ యూనిట్ వరకా, దాని కింది యూనిట్లు కూడానా, మొత్తం సంస్థ అంతానా. మూడు ఊళ్లలో క్యాంపస్‌లున్న కాలేజీకి ఇది చక్కగా అతుకుతుంది. ఒక్క క్యాంపస్ ఉన్నవాళ్లకి బరువు.

డేటావర్స్ విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒక మనిషికి రెండు రోల్స్ ఇస్తే హక్కులు కలుస్తాయి, ఒకటి రెండోదాన్ని కోసేయదు. ప్రిన్సిపాల్ సెలవులో ఉన్నారని గుమాస్తాకి వారం రోజులకు ఆ రోల్ తగిలిస్తే, రాయితీ ప్రతిపాదించే చేయీ మంజూరు చేసే చేయీ ఒక్కటైపోతాయి. వారం తర్వాత దాన్ని తీసేసేది ఎవరు? 1996 నమూనాలోనే ఇలాంటివాటికి ఆంక్షలు పెట్టారు. 2004 ప్రమాణం వాటిని రెండు రకాలుగా విడదీసింది: ఫలానా రెండు రోల్స్ ఒకే మనిషికి అసలు ఇవ్వకూడదన్నది ఒకటి, ఇచ్చినా ఒకే సెషన్‌లో రెండూ వాడకూడదన్నది మరొకటి. బ్యాంకుల్లో మేకర్, చెకర్ అనేది ఈ ఆలోచనే. లో-కోడ్ పనిముట్లు రోల్స్‌ను తీసుకున్నంత ఉత్సాహంగా ఈ ఆంక్షలను తీసుకోలేదు. కాబట్టి మంజూరు చేసే చోట చేతితో ఒక నిబంధన రాసుకోవాలి: ప్రతిపాదన తయారుచేసిన మనిషీ ఇప్పుడు లాగిన్ అయిన మనిషీ ఒక్కరే అయితే నొక్కనివ్వకు. అది కూడా బటన్ మీద కాదు, డేటా సేవ్ అయ్యే దగ్గర.

రోల్స్‌ను హోదాల నుంచి కాక పనుల నుంచి తీయమని చెప్పేది ఇందుకే. సీనియర్ అసిస్టెంట్, జూనియర్ అసిస్టెంట్, వైస్ ప్రిన్సిపాల్ అని రోల్స్ రాస్తే ఏడాదిలో అవి పనికిరావు. ఎందుకంటే ఒకే హోదాలో ఉన్న ఇద్దరు వేర్వేరు పనులు చేస్తారు. రసీదు రాసేవారు, రాయితీ ప్రతిపాదించేవారు, రాయితీ మంజూరు చేసేవారు, హాజరు వేసేవారు, గది ఇచ్చేవారు అని రాస్తే ఎవరు ఏ కుర్చీలోకి మారినా పట్టిక నిలబడుతుంది.

ఇక అడ్మిన్ సంగతి. ఈ విషయం మీద తెలుగువాళ్లకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, ఆ పాఠం హైదరాబాద్‌లోనే ఉంది. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖతో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. తర్వాత దర్యాప్తు సంస్థలు ఆ కంపెనీ సొంతంగా తయారుచేసుకున్న ఇన్వాయిస్ సిస్టమ్‌ను విప్పి చూశాయి. మామూలుగా ప్రాజెక్టు, పనిగంటలు, బిల్లింగ్ దశలు దాటి వచ్చిన వివరాలతోనే ఇన్వాయిస్ పుట్టాలి. అత్యవసరం కోసమని ఎక్సెల్ నుంచి నేరుగా ఎక్కించే మార్గం ఒకటి ఉంచారు. పైగా సూపర్ యూజర్ అనే లాగిన్‌కి, ఇన్వాయిస్‌ను మిగతావాళ్ల కంట పడకుండా దాచే శక్తి ఉంది. ఫైనాన్స్‌లో కూర్చున్న మామూలు ఉద్యోగి తెర తెరిస్తే అవి కనబడవు, కంపెనీ మొత్తం అమ్మకాల లెక్కలోకి మాత్రం వచ్చేస్తాయి. అలా దాచిన నకిలీ ఇన్వాయిస్‌లు 7,561, విలువ 5,100 కోట్ల రూపాయలకు పైమాటే అని తేల్చారు.

ఆ మోసానికి మూలం సాఫ్ట్‌వేర్ కాదు, మనుషులు. అయినా దాని పద్ధతిని యాప్ కట్టేవాళ్లు శ్రద్ధగా చూడాలి. రోల్స్ అనగానే కిందివాళ్లకి ఏం కనబడకూడదో ఆలోచిస్తాం. పైవాడు కిందివాళ్ల నుంచి ఏం దాచగలడన్నది పట్టించుకోం. చెరిపే హక్కు, దాచే హక్కు, పాత తేదీతో ఎక్కించే హక్కు ఒకే చేతిలో ఉన్న యాప్‌లో మిగతా రోల్స్ ఎంత నిక్కచ్చిగా రాసినా ఉపయోగం లేదు. అడ్మిన్ చేసిన మార్పు అడ్మిన్ చెరపలేని లాగ్‌లో పడాలి. కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఆపడానికి వీల్లేని ఆడిట్ ట్రెయిల్ ఉండి తీరాలని మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం ఉంది. కాలేజీ ఫీజు యాప్‌కి ఆ నియమం వర్తించినా వర్తించకపోయినా ఆ ఏర్పాటు మాత్రం కావాలి.

కనెక్షన్ల గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. యాప్ డేటాబేసుతో ఎవరి పేరు మీద మాట్లాడుతోంది? వాడేవాడి పేరు మీదనా, తయారుచేసినవాడి పేరు మీదనా? పవర్ యాప్స్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి పాస్‌వర్డు పెట్టి కనెక్షన్ తయారుచేసి యాప్‌ను పంచితే, ఆ కనెక్షన్ కూడా పంచినట్టయ్యేది. గుమాస్తా అదే కనెక్షన్‌తో మరో యాప్ తయారుచేసుకుని టేబుల్ మొత్తం తెరుచుకునే వీలుండేది. ఈ కంతను పూడ్చే ఏర్పాటు తర్వాత వచ్చింది గాని, పాత యాప్‌లు ఎన్నో అలాగే నడుస్తుంటాయి. ఓవాస్ప్ అనే భద్రతా సమూహం లో-కోడ్ కోసం విడిగా తయారుచేసిన పది ప్రమాదాల తొలి జాబితాలో మొదటిది ఇదే, ఒకరి గుర్తింపుతో మరొకరు పనిచేయడం. ఆ సమూహమే మామూలు వెబ్ యాప్‌ల కోసం వేసే జాబితాలో అనుమతుల లోపం 2021లో ఐదో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎక్కింది.

ఈ మధ్య మాట చెబితే చాలు యాప్ కట్టిచ్చే ఏఐ పనిముట్లు వచ్చాయి. లవబుల్ వాటిలో ఒకటి. అది కట్టే యాప్‌లలో చాలావాటి వెనక సూపాబేస్ అనే డేటాబేసు సేవ, దాని కింద పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఉంటాయి. ఏ వరస ఎవరికి చెందుతుందో డేటాబేసులోనే రాసే సౌకర్యం పోస్ట్‌గ్రెస్‌లో 2016 నుంచి ఉంది. కాపలాకి అంతకంటే మంచి చోటు లేదు. కానీ రాయాలి కదా. 2025లో పరిశోధకులు లవబుల్‌తో కట్టిన 1,645 యాప్‌లను పరిశీలిస్తే 170 యాప్‌లలో ఆ నిబంధనలు లేకనో చాలకనో డేటా బయటికి వస్తోంది. పవర్ యాప్స్ పోర్టళ్ల కథే మళ్లీ, ఈసారి మరచిపోయింది మనిషి కాదు.

ఇప్పుడు దీనికి చట్టం కూడా తోడైంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. 2025 నవంబరులో వెలువడిన నియమాలు ఆ భద్రతలో ఏమేం ఉండాలో చెబుతూ, డేటాను ఎవరు చేరుకోవచ్చన్న నియంత్రణనూ, ఎవరు చేరుకున్నారన్న లాగ్‌లనూ పేరుపెట్టి ప్రస్తావించాయి. ఇంటర్ విద్యార్థుల్లో ఎక్కువమంది 18 ఏళ్లు నిండనివాళ్లు, అంటే ఆ చట్టం లెక్కలో పిల్లలే. వార్డెన్ ఫోన్‌లో ఆధార్ గడి ఎందుకు ఉందని ఎవరైనా అడిగితే కాలేజీ జవాబు చెప్పుకోవాలి.

పరీక్షించడం గురించి రెండు మాటలు. ప్రతి రోల్‌కీ ఒక ఉత్తుత్తి ఖాతా తెరిచి, ఆ ఖాతాతో లాగిన్ అయి చూడాలి. అడ్మిన్‌గా కూర్చుని ఇతరుల కళ్లతో చూసినట్టు ఊహించుకుంటే చాలదు. చేయాల్సిన పని జరుగుతోందా అని అందరూ చూస్తారు. చేయకూడనిది జరగడం లేదా అని చూసేవాళ్లు అరుదు. లెక్చరర్ ఖాతాతో ఫీజుల పేజీ అడ్రసు నేరుగా కొట్టి చూడాలి, వెనకున్న జాబితా తెరవబోయి చూడాలి, వెతుకు పెట్టెలో వేరే క్యాంపస్ పిల్ల పేరు వేసి చూడాలి. ఎక్సెల్‌లోకి దింపుకునే హక్కును ప్రత్యేకంగా చూడాలి. ఒక్కో విద్యార్థి వివరం చదివే అవసరం ఉన్న మనిషికి మూడు వేల మంది వివరాలు ఒక్క నొక్కుతో దింపుకునే అవసరం సాధారణంగా ఉండదు. డేటావర్స్‌లో దానికి విడి హక్కే ఉంది, చాలామంది ఆ పేజీ చివరిదాకా వెళ్లరు.

ఇన్ని జాగ్రత్తలనూ ఒక్క దెబ్బతో కూలగొట్టేది మాత్రం సాంకేతికం కాదు, ధరల పట్టిక. ఈ పనిముట్లలో చాలావాటికి మనిషికి ఇంత అని నెలనెలా కట్టాలి. ఓపెన్ సోర్స్‌గా దొరికే ఆప్‌స్మిత్‌లో కూడా సొంత రోల్స్ తయారుచేసుకునే సౌకర్యం డబ్బు కట్టే ఎడిషన్లలోనే. అరవై మంది సిబ్బందికి లైసెన్సు లెక్క వేయగానే యాజమాన్యం ఇచ్చే సలహా ఒకటుంది: ఆఫీసుకి ఒక లాగిన్, హాస్టల్‌కి ఒక లాగిన్ చాలు, పాస్‌వర్డు గోడ మీద అంటించండి. అప్పుడు రోల్ ఉంటుంది గాని రోల్‌లో మనిషి ఉండడు. ప్రతిపాదించిందీ మంజూరు చేసిందీ ఆఫీసు1 అనే లాగిన్. మానేసి వెళ్లిన గుమాస్తాకి ఇంకా పాస్‌వర్డు గుర్తుంటుంది, మార్చితే పదిమందికి చెప్పాలి కాబట్టి ఎవరూ మార్చరు. అందుకే పనిముట్టు ఎంచుకునేటప్పుడు రోల్స్ పేజీ ఎలా ఉందో చూసే ముందు, సిబ్బంది అందరికీ విడివిడి లాగిన్లు ఇస్తే ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేయాలి. అప్పుడప్పుడు మాత్రమే తెరిచే తల్లిదండ్రులకి పోర్టల్ లైసెన్సులు విడిగా, తక్కువ ధరకి దొరికే పనిముట్లు ఉన్నాయి, అవీ ఆ లెక్కలో చేర్చాలి. ఆ మొత్తం కట్టలేమని తేలితే ఆధార్ నంబర్లు, కులం, ఆదాయ వివరాలు యాప్‌లోకి ఎక్కించకుండా పాత ఫైల్లోనే, బీరువాలోనే ఉంచడం మేలు.